గుంటూరు వెళ్ళని సీసా

డాక్టరుతో బేరమాడి గెలిచిన మనిషి తెనాలిలో ఎవరైనా ఉన్నారా అంటే, నేనున్నాను. ఆపరేషన్ అయిన నాలుగో రోజు, ఒంట్లో గొట్టం ఇంకా తీయకముందే, మంచం మీద పడుకునే బేరం మొదలుపెట్టాను. ఫీజులో వంద తగ్గించారు. గది అద్దె ఒక రోజుది కొట్టేయించాను. ఇక మూడోది ఉంది. నాలోంచి తీసిన గ్రంథిని గుంటూరు పంపి పరీక్ష చేయించాలన్నారు. నూట యాభై రూపాయలవుతుందన్నారు. ఆ ఖర్చు మొత్తానికే ఎగ్గొట్టాను. నా జీవితంలోకెల్లా లాభసాటి బేరం అదేనని నాలుగేళ్ళు మురిసిపోయాను. మా తమ్ముడి దగ్గర తప్ప ఇంకెక్కడా చెప్పుకోలేకపోయానే అన్నదొక్కటే అప్పట్లో నా బాధ.

మాది బట్టల కొట్టు. మా నాన్న నుంచి వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి పరుపు మీద బాసింపట్టు వేసి కూర్చుంటే మళ్ళీ లేచేది భోజనానికే. బోణీ కాకుండా యజమాని గద్దె దిగకూడదని మా నాన్న పెట్టిన నియమం. దిగితే ఆ రోజు వ్యాపారం కూడా మనతోపాటే లేచిపోతుందట. నాకు నమ్మకం లేదు గానీ భయం ఉండేది. పదైనా, పదకొండైనా, మొదటి చీర అమ్ముడయ్యేదాకా బిగబట్టుకుని కూర్చునేవాణ్ణి. వచ్చినవాళ్ళకు సోడా తెప్పిస్తే మర్యాదకు నేనూ ఒకటి తాగాలి. పక్క కొట్టు నుంచి మిఠాయి వస్తే మర్యాదకు నేనూ తినాలి. ఆ మర్యాదలన్నీ వచ్చి నా నడుము చుట్టూ చేరాయి. అందుకు నేనేమీ బాధపడలేదు. ఎండిపోయిన షావుకారు దగ్గర పట్టుచీర ఎవరు కొంటారు? మా బజారులో పొట్ట అంటే బోర్డు. ఏటేటా రంగు వేయించే పని లేని బోర్డు.

మా తమ్ముడు సుబ్బారావుది రేపల్లెలో ధాన్యం కమీషన్ కొట్టు. దసరాకు వాడి కొట్లో బస్తాలు తూచే కాటాకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తాం. పూజ అయ్యాక బస్తా కంటే ముందు అన్నదమ్ములిద్దరం కాటా ఎక్కాలి. ఎవరు ఎక్కువ తూగితే ఆ ఏడాది వాళ్ళ వ్యాపారం బాగున్నట్టు. ఓడినవాడు గెలిచినవాడికి కొత్త పంచెలు పెట్టాలి. 1987 దసరాకు నేను తొంభై ఎనిమిది కిలోలు, వాడు తొంభై ఆరు. పంచెలు నావే. బట్టల కొట్టువాడికి పంచెలు గెలుచుకోవడం ఎందుకని అడక్కండి. ఆ రోజు వాటిని చంకలో పెట్టుకుని రేపల్లె స్టేషన్‌కు ఊరేగింపులా నడిచాను.

అప్పటికే నాకు ఇబ్బంది మొదలై చాలా రోజులైంది. పోయాలనిపిస్తుంది, వెళితే రాదు. వచ్చినా చుక్కలు చుక్కలుగా వస్తుంది. తిరిగొచ్చి కూర్చోగానే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. పొట్ట బరువుకు లోపల నొక్కుకుపోతోందిలే అనుకున్నాను. ఏ బాధ వచ్చినా పొట్ట మీదికి తోసేయడం నాకు అలవాటు. మోకాలు నొప్పి పొట్ట వల్లే, ఆయాసం పొట్ట వల్లే. ఇన్ని నేరాలు మోసే పొట్టకు ఇంకొకటి బరువా?

1988 ఎండాకాలంలో ఒకరోజు రేపల్లె నుంచి వస్తుండగా రైల్లో పూర్తిగా బిగిసిపోయింది. బండి ప్రతి స్టేషన్లో ఆగుతోంది. ఆగినప్పుడల్లా మరుగుదొడ్డి తలుపు పట్టుకుని నిలబడ్డాను. అక్కడ నిలబడి వెంకన్నకు మొక్కు చెప్పాను, దాన్ని కూడా వచ్చే స్టేషన్‌కల్లా తగ్గించి చెప్పాను. తెనాలిలో దిగేసరికి నడవలేకపోయాను. వెంట ఉన్న నా భార్య అన్నపూర్ణ రిక్షాలో కూర్చోబెట్టి నర్సింగ్‌హోముకు తీసుకెళ్ళింది. మూడో రోజున కోసి, వాచిన ప్రోస్టేటు గ్రంథిని తీసేశారు.

సర్జను పొడుగ్గా, ఓపిగ్గా ఉండే మనిషి. నాలుగో రోజు ఆయన వెనకాలే ఆయా ఒక సీసా తెచ్చి కిటికీ గూట్లో పెట్టింది. లోపల నీళ్ళలో తెల్లటి ముక్కలు.

"కోటేశ్వరరావుగారూ, ఇది మీవాళ్ళెవరైనా గుంటూరు పట్టుకెళ్ళి ల్యాబులో ఇచ్చి రావాలండి. ఉత్తరం రాసిచ్చాను."

"తీసేశారుగా సార్. ఇంక దాంతో నాకేంటండి పని?"

"అది మామూలు వాపేనా, ఇంకేమైనా ఉందా అని తెలియాలి కదండి."

"మీ చేత్తో తీశారు. మీకేమనిపించిందండి?"

"చాలామందికి మామూలు వాపే ఉంటుంది. అయినా చేత్తో చూసి చెప్పేది కాదిది."

"చాలామందిలో నేనూ ఒకణ్ణి కదండి" అన్నాను. ఆయన నవ్వి, ఉత్తరం సీసా కింద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు సుబ్బారావు నన్ను చూడ్డానికొచ్చాడు. గోనెసంచుల బేరం మీద గుంటూరు వెళుతున్నానన్నాడు. అన్నపూర్ణ ఆ సీసాను మా కొట్టు పేరున్న గుడ్డసంచిలో పెట్టి, నూట యాభై లెక్కపెట్టి వాడి చేతికిచ్చింది. ఆవిడ కాఫీ తేవడానికి కిందికి దిగగానే నేను తలగడ మీద నుంచి తలెత్తాను.

"ఒరేయ్, ఆ సీసా దారిలో ఎక్కడైనా పారేసెయ్. డెబ్భై అయిదు నీకు, డెబ్భై అయిదు నాకు."

"వదిన అడిగితేనో?"

"వదిన సంగతి నేను చూసుకుంటాగా."

"అన్నయ్యా, డాక్టరు ఊరికే చెప్తాడా?"

"గోనెసంచులవాడు చెప్పిన ధర ఊరికే చెప్తాడా? అయినా నువ్వు తగ్గించి ఇమ్మనవూ?"

వాడికి ఆ మాట నచ్చింది. సీసా కాలవలో వేశాడు. వాడి డెబ్భై అయిదుతో గుంటూరులో భోజనం చేసి సినిమా చూశాడు. నా డెబ్భై అయిదు నాకు తెచ్చిచ్చాడు, మా వంశంలో నిజాయితీకి లోటు లేదు.

పది రోజులకు అన్నపూర్ణ అడిగింది. "ఏవండీ, గుంటూరు కాయితం వచ్చిందా?"

"వచ్చింది. ఏమీ లేదట."

ఆవిడ దేవుడి గూటికేసి తిరిగి దణ్ణం పెట్టుకుంది. కుట్లు విప్పినప్పుడు సర్జను కూడా రిపోర్టు అడిగాడు. రేపు పంపిస్తానన్నాను. ఆ తరవాత ఆ వీధిలోంచి వెళ్ళడం మానేశాను.



1992లో వర్షాలు మొదలైనప్పుడు ఎడమ తుంటిలో నొప్పి వచ్చింది. పరుపు మీద కూర్చోలేకపోయేవాణ్ణి. లేస్తే నిలబడలేకపోయేవాణ్ణి. కొట్లో అటు గోడ దగ్గర్నుంచి ఇటు గోడ దాకా తిరుగుతూ చీరలు అమ్మాను. "షావుకారుగారు పారిపోయే బేరంలో ఉన్నారు, గట్టిగా అడగండే" అని ఒకావిడ తన వాళ్ళకు చెప్పింది. నిజంగానే ఆ రోజు నష్టానికిచ్చాను. వాళ్ళు తొందరగా వెళ్ళిపోతే చాలనిపించింది.

ఇదీ పొట్ట వల్లే అన్నాను. నూనె రాయించుకున్నాను. రేపల్లెలో ఎముకలు సరిచేసే ఆయన దగ్గర కట్టు కట్టించుకున్నాను. ఒళ్ళు తగ్గుతుంటే సంతోషించాను. మూడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గి, ఏ ఖర్చూ లేకుండా సన్నబడ్డానని మా తమ్ముడి దగ్గర గొప్పలు చెప్పాను. అన్నపూర్ణ మాత్రం నా చొక్కాలు కుట్లు వేసి బిగిస్తూ పోయింది. ఒకరోజు చొక్కా పక్కన పడేసి, "రేపు గుంటూరు వెళుతున్నాం. బేరాలాడకండి" అంది.

గుంటూరు ఆస్పత్రిలో వరండా పొడుగునా బెంచీలు. చెక్క బెంచీ మీద నా తుంటి ఆనితే కళ్ళ ముందు మెరుపులు. లేచి తిరుగుతుంటే అటెండరు "కూర్చోండి, కూర్చోండి" అంటాడు. కూర్చుంటే నొప్పి "లే, లే" అంటుంది. బెంచీ చివర ఒక బక్కపలచటి పెద్దాయన స్కూటరు ట్యూబు లాంటి దాని మీద కూర్చుని, నా తిరుగుడు చూస్తూ ఉన్నాడు. చివరికి లేచి ఆ ట్యూబు నా వైపు జరిపాడు.

"అరగంట మీది, అరగంట నాదండి. కూర్చోండి."

ఆయన జాన్‌రత్నం మాస్టారు. బాపట్లలో చర్చివాళ్ళ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. బాపట్ల నుంచి తెనాలి వచ్చి, తెనాలిలో బండి మారి గుంటూరు వస్తున్నారు. ఆయనకు ప్రోస్టేటు గ్రంథిలోనే జబ్బని, తుంటి నొప్పి కూడా అచ్చం నాలాంటిదేనని మాటల్లో తెలిసింది. నేను ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాను. యాభై కిలోలు కూడా ఉండరు. చుట్ట లేదు, మందు లేదు. సైకిలు మీదే జీవితమంతా. రాత్రి ఏడింటికల్లా రెండు పుల్కాలు.

"మీకెందుకొచ్చిందండి?" అని అడిగేశాను. మోసపోయినవాడి గొంతుతో అడిగాను.

"అదే నేనూ మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నా" అన్నారు ఆయన.

లోపలికి పిలిచారు. ఈ డాక్టరు కుర్రవాడు, కళ్ళజోడు. నా పాత కాయితాలు తిరగేశాడు.

"ఎనభై ఎనిమిదిలో తీసిన గ్రంథికి రిపోర్టు ఏదండి?"

నేను గోడ మీద క్యాలెండరు చూశాను. అన్నపూర్ణే చెప్పింది. "ఏమీ లేదన్నారండి అప్పట్లో. కాయితం వచ్చింది."

"ఏదమ్మా ఆ కాయితం? చూస్తే మాకు ఉపయోగం."

ఆవిడ నా వైపు తిరిగింది. "బీరువాలో ఉందాండీ?"

ఎన్ని వేల అబద్ధాలు అలవోకగా చెప్పానో నేను, రంగు పోదని, ఇదే చివరి చీరని, అసలు ధరకే ఇస్తున్నానని. ఆ గదిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"పంపలేదు" అన్నాను.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. రైల్లో అన్నపూర్ణ నా పక్కన కాకుండా ఎదురుగా కూర్చుంది. తెనాలి స్టేషన్ దగ్గరికొస్తుండగా అంది, "నేను నాలుగేళ్ళ నుంచి ప్రతి శనివారం ఉపవాసం ఉంటున్నా, ఏమీ లేదని చెప్పినందుకు. ఏ కాయితానికండీ ఉన్నాను?"

తొమ్మిది రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మందులిచ్చేది, నొప్పి ఎక్కడుందో చూపులతోనే అడిగేది. మాట మాత్రం లేదు. నాకు జబ్బు కంటే ఆ తొమ్మిది రోజులే ఎక్కువ గుర్తు.



అప్పట్లో తీయగా మిగిలిన గ్రంథి అంచు నుంచి ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సరని తేలింది. తుంటి ఎముకలో అనుమానంగా ఒక మచ్చ. మద్రాసు పంపిన రక్తపరీక్ష కూడా మంచిగా లేదు. ఎంతకాలం అని అడిగితే డాక్టరు చెప్పనన్నాడు. "చెబితే మీరు కొసరు వేయమంటారు" అన్నాడు. రెండు వారాల్లోనే నా సంగతి కనిపెట్టాడు.

ఈ జబ్బుకు మేత మగ హార్మోనట. దాన్ని ఆపాలి. నెలనెలా ఖరీదైన ఇంజక్షను బతికినంతకాలం తీసుకోవచ్చు. లేదా ఒక్కసారి చిన్న ఆపరేషన్, వృషణాలు తీసేయడం.

"రెండూనా?" అన్నాను.

"రెండూనండి."

"ఒకటి తీసి చూద్దామండి. పనిచేస్తే రెండోది ఉంచుకుందాం."

డాక్టరు నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను నవ్వలేదు. నేను మాట్లాడింది బేరమే.

ఆపరేషన్ అయింది. ఊళ్ళో హెర్నియా అని చెప్పించాను. సుబ్బారావుకు, అన్నపూర్ణకు, మా అబ్బాయికి తప్ప ఎవరికీ నిజం తెలియదు. కొట్లో మళ్ళీ కూర్చున్నాను. ఎవరైనా నవ్వితే నా గురించే అనిపించేది. గొంతు మారిందేమోనని బాత్రూములో అంకెలు చదివి చూసుకునేవాణ్ణి. కొన్నాళ్ళకు కొత్త సంగతి మొదలైంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగ, మొహం మీద ధారగా చెమట, రెండు నిమిషాల్లో చలి. ఒక మధ్యాహ్నం భోజనం మధ్యలో వచ్చింది. చొక్కా విప్పి విసురుకుంటుంటే అన్నపూర్ణ కూరగిన్నె చేత్తో పట్టుకుని నన్ను చూసింది.

"ఇవి నాకు నలభై తొమ్మిదో ఏట వచ్చాయి. అప్పుడు మీరేమన్నారో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"పోజులు కొట్టకు, ఫ్యాను కరెంటు బిల్లు పెరుగుతోందన్నారు."

ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఆవిడ ముందు నవ్వింది. ఎంత సేపు నవ్వామో, కూర చల్లారిపోయింది. ఆవిడ విసనకర్ర తెచ్చి నా పక్కన కూర్చుంది. సీసా సంగతి బయటపడ్డాక ఆవిడ నా పక్కన వచ్చి కూర్చోవడం అదే మొదలు.



తరవాతి మూడేళ్ళు నెలకోసారి, ఆ పైన మూడు నెలలకోసారి గుంటూరు. మాస్టారు, నేను ఒకే రోజుకు చూసుకునేవాళ్ళం. తెనాలి ప్లాట్‌ఫారం మీద ఆయన దిగేవారు, ట్యూబు భుజానికి తగిలించుకుని. నా లోపల ఒకటే ప్రశ్న తిరుగుతూ ఉండేది. నేను తిన్నాను, కూర్చున్నాను, బలిశాను. నాకు బిల్లు వచ్చిందంటే అర్థముంది. ఆయనకెందుకు?

డాక్టరు దగ్గర ఇదే తేల్చమని కూర్చున్నాను.

"ఇది కిలోల లెక్కన వచ్చే జబ్బు కాదండి" అన్నాడు. "వయసు పెద్ద కారణం. వంశం ఇంకో కారణం. మీ నాన్నగారు ఎలా పోయారు?"

మా నాన్న మూత్రం బిగిసి, నడుం నొప్పితో మంచాన పడి పోయాడు. అప్పుడెవరూ పేరు పెట్టలేదు.

"మరైతే నన్ను ఒళ్ళు తగ్గించమంటారేంటండి?"

"ఒళ్ళున్నవాళ్ళకి వస్తే ముదిరిన రకం వచ్చే అవకాశం ఎక్కువేమో అంటున్నారు. పెద్దవాళ్ళింకా పూర్తిగా తేల్చలేదు, నేను ఒట్టు వేసి చెప్పను. కానీ పొట్ట మీకు ఒక చెడు మాత్రం కచ్చితంగా చేసింది. ప్రతి నొప్పినీ దాని మీదికి నెట్టి మీరు రాలేదు. పైగా ఇప్పుడు హార్మోను లేదు కాబట్టి కొవ్వు ఇంకా పెరుగుతుంది. షుగరు, గుండె జబ్బు వస్తే ఈ క్యాన్సరు కంటే ముందు అవే తీసుకెళతాయి. నడవండి."

"బోణీ కాకుండా బిగబట్టడం వల్ల వచ్చిందంటారా?"

"ఏ బోణీ అండి?"

చెప్పాను. "దాని వల్ల ఇది రాదండి. కానీ అది మానేయండి" అన్నాడు.

రైల్లో మాస్టారుకు ఇదంతా వినిపించాను. ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తూ విన్నారు. "నేను మీ పక్కన కూర్చున్నానంటే పొట్టొక్కటే కారణం కాదని రుజువైందిగా షావుకారుగారూ. మీకు అదో ఊరట."

"మీకో?"

"నా సంగతి లెక్కకు అందలేదండి. బడిలో అలాంటివి వస్తే పిల్లల్ని ఆ లెక్క వదిలేసి తరవాతిది చేయమనేవాణ్ణి."

మాస్టారు 1995లో పోయారు. బాపట్ల వెళ్ళాను. వాళ్ళ వాకిట్లో కుర్చీ వేస్తే కూర్చోలేక వీధిలో తిరిగాను. తొంభై ఎనిమిది కిలోల నుంచి దొర్లుకుంటూ వచ్చినవాణ్ణి నేను మిగిలాను, సైకిలు తొక్కిన ఆయన పోయారు. ఎవరితో మాట్లాడితే ఇది సరిచేస్తారో తెలిస్తే వెళ్ళి ఎంతసేపైనా దెబ్బలాడేవాణ్ణి. వాళ్ళావిడ లోపలి నుంచి ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీకివ్వమన్నారండి. ఇకమీదట గంటా మీదేనని చెప్పమన్నారు" అంది.



1997 చివర్లో రేపల్లె వెళ్ళాను. కోతల రోజులు, సుబ్బారావు కొట్టు రైతులతో నిండి ఉంది. నేను కూర్చున్న గంటలో వాడు మూడుసార్లు కొట్టు వెనక్కి వెళ్ళొచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు వాడి మొహం చూశాను. అది 1988లో రైల్లో దొడ్డి తలుపు పట్టుకున్నవాడి మొహం.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏది? మజ్జిగ ఎక్కువ తాగాన్లే."

"నాన్నకి, నాకు వచ్చింది. నీకు రాదని రాసిచ్చారా? రేపు గుంటూరు పద."

"కోతలయ్యాక చూద్దాం."

"ఖర్చు నాది."

"వద్దు."

"రాకపోకలకి కారు నాది."

"వద్దంటున్నానా!" అని నా దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "నిన్ను ఏం చేసి పంపారో నాకు తెలియదా? ఆ బతుకు నాకొద్దన్నయ్యా. పోతే పోయాను."

అప్పుడు తెలిసింది. వాడు జబ్బుకు భయపడటం లేదు. నాకు భయపడుతున్నాడు. అయిదేళ్ళుగా నేను దాచుకుని, సిగ్గుపడి, ఎవరు నవ్వినా ఉలిక్కిపడి బతకడం చూసిన ఒక్కడే బయటివాడు మా తమ్ముడు. ఆ బతుకునే వాడు వద్దంటున్నాడు.

బేరంలో ఇంక ఇవ్వడానికేమీ మిగలనప్పుడు మా నాన్న లేచి నిలబడేవాడు. నేనూ నిలబడ్డాను.

"అయ్యా, ఒక్క నిమిషం ఇలా వినండి" అన్నాను రైతులకేసి. "నాకు ఆ మధ్య హెర్నియా అని మా వాడు మీకు చెప్పాడు. హెర్నియా కాదు. క్యాన్సరు. కింద రెండూ తీసేశారు."

తూకం రాసే గుమాస్తా పెన్సిలు అలాగే పట్టుకున్నాడు.

"అన్నయ్యా! నీకేమైనా పిచ్చా?"

"అయిదేళ్ళయిందండి తీసి. తింటున్నాను. కొట్లో కూర్చుంటున్నాను. గొంతు కూడా ఇదే గొంతు, వినండి. మా వాడికీ అవే గుర్తులు. డాక్టరు దగ్గరికి రమ్మంటే రానంటున్నాడు."

బస్తా మీద కూర్చున్న ఒక ముసలి రైతు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మా బావ ఇట్టాగే పోయాడు బాబూ. సిగ్గుపడి ఎవరికీ చెప్పలా. చెప్పినట్టయితే ఏమైనా చేసేవాళ్ళమేమో. ఎల్లండి సుబ్బారావుగారూ, వడ్లు ఎక్కడికీ పోవు."

"వస్తావా, లేకపోతే పక్క కొట్లో కూడా చెప్పి రమ్మంటావా?" అన్నాను మా వాడితో.

"వస్తానన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. కూర్చో."

కూర్చున్నాను. అయిదేళ్ళుగా పొట్ట మీద పెట్టుకు తిరుగుతున్న బస్తా ఎవరో దింపినట్టనిపించింది.

వాడికి పరీక్షలన్నీ అయ్యాయి. ఏమీ లేదు. మామూలు వాపు. మందు రాసిచ్చి, పొట్ట తగ్గించమని, ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్నారు. కాయితం ఈసారి నేనే చేత్తో పట్టుకుని రెండుసార్లు చదివాను. తిరుగు రైల్లో మా వాడు ఒకటే సణుగుడు.

"ఏమీ లేనిదానికి రేపల్లె మొత్తానికీ చెప్పుకున్నావు. పరువు తీశావు. తెనాలిలో కూడా తెలిసిపోతుంది చూడు."

వాడన్నట్టే తెలిసింది. ఇప్పుడు మా కొట్టుకు కొందరు మగవాళ్ళు మధ్యాహ్నం ఖాళీ వేళ చూసి వస్తారు. పంచె చూపించమంటారు. ఆడవాళ్ళు వెళ్ళిపోయేదాకా అంచు తిరగేస్తూ కూర్చుని, తరవాత మెల్లగా అడుగుతారు. నేను చెప్పేది ఇంతే. సన్నగా ఉన్నానని ధీమా వద్దు, లావుగా ఉన్నానని ప్రతి నొప్పీ పొట్ట మీద వేయొద్దు. నాన్నకో అన్నకో వచ్చి ఉంటే ముందే వెళ్ళండి. పంపమన్నది పంపండి. పంచె మాత్రం పదిమందిలో ఒకడే కొంటాడు.



ఇక బిల్లు. ఇప్పుడు 1998. మొన్నటి రక్తపరీక్ష బాగుంది, ఎముకలో మచ్చ కదలకుండా ఉంది. అది ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పరు. బరువు ఎనభై నాలుగు. ఎక్కువసేపు కూర్చోలేను, ఎక్కువసేపు నిలబడలేను. తిరుగుతూనే ఉంటాను.

ఈ జబ్బుకు చెల్లించిందంతా ఒక కాయితం మీద పద్దులుగా వేస్తూ, ముందు పోయినవి రాశాను. మగతనం అని ఊరు దేన్నంటుందో అది. బాసింపట్టు వేసుకునే తుంటి. తొమ్మిది రోజుల మాట. నాలుగేళ్ళ శనివారాలు, అవి అన్నపూర్ణవి.

సీసా దగ్గర ఏమి రాయాలో తెలియక డాక్టర్నే అడిగాను. అప్పుడే పంపి ఉంటే ఇదంతా తప్పేదా అని. "తప్పేదేమో. తప్పకపోయేదేమో. ముందే తెలిసేది, అంతవరకే చెప్పగలను" అన్నాడు. తప్పేదని రాసుకుంటే నన్ను నేను తిట్టుకోవడానికి బాగుంటుంది. తప్పేది కాదని రాసుకుంటే నిద్ర పడుతుంది. రెండూ దొంగ పద్దులే. ఆయన చెప్పిన మాటే రాశాను.

అన్నపూర్ణ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఒకచోట వేలు ఆనించింది.

"'నా ఒళ్ళు నేను పెంచుకున్నందుకు' అని రాశారేం? పెంచింది నేను. వద్దన్నా ఇంకో గరిటె నెయ్యి పోసింది నేను. అది నా కింద రాయండి."

"పోస్తుంటే విస్తరి ఎవడు జరిపాడు? నేను."

"పెట్టే చేతికి తెలియక్కర్లేదా?"

"తినే నోటికి తెలియక్కర్లేదా?"

పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి బేరం ఎరగను. ఇద్దరమూ ధర మా మా వైపే పెంచుకుంటూ పోతున్నాం, ఎవరూ తగ్గడం లేదు. మా అబ్బాయి కొట్టు మూసి వచ్చేదాకా వాదించుకున్నాం. అయినా ఈ జబ్బులో ఒంటి బరువు వాటా ఎంతో అంత చదివిన డాక్టరే వేయలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాం. మొత్తం వేయని బిల్లు కింద సంతకం పెట్టడం నాకిదే మొదటిసారి. నా పేరు పక్కన ఆవిడ కూడా పెట్టింది.